కస్టమర్ ముఖ్యమైతే జీతం, అధికారం కూడా అటే ఉండాలి

అమెజాన్ తొలినాళ్ల సంగతి ఒకటి ఆ సంస్థ స్థాపకుడు జెఫ్ బెజోస్ 2023లో ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. ప్రతి వారం జరిగే సమీక్షలో కస్టమర్ సర్వీస్ లెక్కలు చూస్తున్నారు. ఫోన్ చేసిన కస్టమర్ 60 సెకన్ల కంటే తక్కువసేపే ఎదురుచూస్తున్నాడని కాగితం మీద ఉంది, వస్తున్న ఫిర్యాదులేమో ఎంతసేపటికీ ఎవరూ ఎత్తడం లేదంటున్నాయి. బెజోస్ ఆ మీటింగ్‌లోనే, ఆ విభాగం చూసే అధికారి ఎదురుగానే, తమ కంపెనీ నంబర్‌కి ఫోన్ కలిపారు. అందరూ మాట్లాడకుండా కూర్చున్నారు. పది నిమిషాలు దాటింది.

ఆ లెక్క వేసినవాళ్లు అబద్ధం రాయలేదు. కొలవాల్సింది కొలవలేదు, అంతే. ఏ సంస్థలోనైనా ఇలా జరుగుతుంది, పెద్దవాటిలో అయితే రోజూ జరుగుతుంది. లోపల కూర్చున్నవాళ్లకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది, బయట లైన్లో నిలబడ్డవాడికి మాత్రం పరిస్థితి వేరు. పైగా లోపలివాళ్లు ఎంత తెలివైనవాళ్లయితే రిపోర్టులు అంత నీట్‌గా ఉంటాయి, కాబట్టి ఆ తేడా ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

"మాకు కస్టమరే ముఖ్యం" అనని వ్యాపారం ఎక్కడా లేదు. గోడ మీద, వెబ్‌సైట్లో, వార్షిక నివేదికలో అందరూ రాసుకుంటారు, రాసేవాళ్లలో చాలామంది మనస్ఫూర్తిగానే రాస్తారు. అందుకే ఆ మాటను బట్టి ఏదీ తేల్చలేం. నవ్వుతూ మాట్లాడటం, పేరు పెట్టి పలకరించడం, పుట్టినరోజుకి మెసేజ్ పంపడం మంచివే గానీ వీటికి పెద్దగా ఖర్చు లేదు. అసలు సంగతి ఖర్చున్న చోట బయటపడుతుంది. కస్టమర్‌కి మేలైనది ఒకటి, ఈ నెల సంస్థకి లాభమైనది ఇంకొకటి అయినప్పుడు నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, కస్టమర్ వైపు నిర్ణయం తీసుకున్న ఉద్యోగికి నెలాఖరున మెప్పు దొరుకుతుందా, చివాట్లు పడతాయా? ఈ రెండూ చూస్తే ఆ సంస్థ ఎటువైపు ఉందో తెలిసిపోతుంది, మిగతావన్నీ చూడక్కర్లేదు.

దేనికి డబ్బిస్తే అదే జరుగుతుంది

అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు విషయంలో జరిగింది వ్యాపారం చేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. కస్టమర్ల ఆర్థిక అవసరాలు తీర్చడమే తమ ధ్యేయమని ఆ బ్యాంకు ఏళ్ల తరబడి చెప్పుకుంది. ఒక్కో కస్టమర్‌కి ఎనిమిది సేవలు అమ్మాలని లక్ష్యం పెట్టుకుంది, ఖాతా, కార్డు, లోను ఏదైనా సరే. పైనుంచి చూస్తే ఆ ఆలోచనలో తప్పేమీ కనిపించదు, ఒక మనిషి మన దగ్గర ఎనిమిది సేవలు వాడుతున్నాడంటే మన మీద అంత నమ్మకం ఉన్నట్టే కదా. కానీ బ్రాంచిలో కౌంటర్ వెనక కూర్చున్న ఉద్యోగికి అది పూర్తి చేయాల్సిన కోటా. చేయకపోతే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. అడిగితే కస్టమర్ వద్దంటాడు, అడక్కుండా ఖాతా తెరిస్తే కోటా నిండుతుంది. 2016 సెప్టెంబరులో నియంత్రణ సంస్థలు 18.5 కోట్ల డాలర్ల జరిమానా వేసేనాటికి కస్టమర్లకు తెలియకుండా తెరిచిన ఖాతాలు లక్షల్లో తేలాయి, మరుసటి ఏడాది ఆ సంఖ్య 35 లక్షల దాకా ఉండొచ్చని బ్యాంకే ప్రకటించింది. ఐదు వేల మందికి పైగా ఉద్యోగుల్ని తీసేశారు. 2020లో ఇంకో 300 కోట్ల డాలర్లు కట్టి ప్రభుత్వంతో సర్దుబాటు చేసుకోవాల్సి వచ్చింది.

వేల మంది ఒకే సంస్థలో ఒకేసారి మోసగాళ్లుగా మారిపోరు. వాళ్లలో చాలామంది మామూలు మనుషులు, ఇంటి అద్దె కట్టాల్సినవాళ్లు. కస్టమర్‌ని గౌరవించమని ట్రైనింగ్‌లో చెప్పారు, కస్టమర్‌ని మోసం చేస్తే తప్ప అందని కోటా చేతిలో పెట్టారు. ఈ రెండింట్లో కోటాదే పైచేయి అవుతుంది, ఎప్పుడూ అదే అవుతుంది. ఎందుకంటే ట్రైనింగ్ ఏడాదికి ఒకసారి వస్తుంది, కోటా రోజూ వస్తుంది.

మళ్లీ అమెజాన్ దగ్గరికే వద్దాం. కస్టమర్ విషయంలో ఆ సంస్థకున్న పట్టుదల గురించి 1997 సంవత్సరానికి వాటాదార్లకు రాసిన తొలి లేఖలోనే ఉంది, నిజంగా చేసి చూపించింది కూడా. కానీ అదే సంస్థలో ప్రైమ్ సభ్యత్వాన్ని రద్దు చేసుకునే దారి ఎలా ఉండేదో చూడండి. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో వేసిన దావా ప్రకారం నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఎంపికలు దాటితే గానీ రద్దు కాదు. చేరడం ఎంత తేలికో అందరికీ తెలుసు. లోపల ఆ ప్రక్రియకి పెట్టుకున్న పేరు ఇలియడ్, అంటే ఏళ్ల తరబడి సాగే ట్రోజన్ యుద్ధం మీద హోమర్ రాసిన సుదీర్ఘ కావ్యం పేరు. 2025 సెప్టెంబరులో తప్పు ఒప్పుకోకుండానే 250 కోట్ల డాలర్లకు ఆ కేసు సర్దుబాటు అయింది. డెలివరీ చూసే బృందానికి కస్టమర్ సంతోషం లక్ష్యమైతే, సభ్యత్వాలు చూసే బృందానికి ఎంతమంది వదిలి వెళ్లకుండా ఆగారన్నది లక్ష్యం అయి ఉంటుంది. అలాంటప్పుడు ఒకే కప్పు కింద రెండు రకాల సంస్థలు తయారవుతాయి. కాబట్టి ఫలానా కంపెనీ కస్టమర్ పక్షం, ఫలానాది కాదు అని టోకున చెప్పడం కుదరదు, ఒక్కో నిర్ణయం దగ్గర ఆగి చూడాల్సిందే.

ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. కస్టమర్‌ని ఇబ్బంది పెడితే డబ్బొస్తుంది. నిజంగానే వస్తుంది. సబ్‌స్క్రిప్షన్ మర్చిపోయినవాళ్ల దగ్గర, లేట్ ఫీజు కట్టినవాళ్ల దగ్గర, రిటర్న్ చేయడం ఎలాగో అర్థంకాక వస్తువు మూలన పడేసినవాళ్ల దగ్గర వచ్చే డబ్బు, ఇష్టపడి మళ్లీ కొన్నవాళ్ల దగ్గర వచ్చే డబ్బు జమాఖర్చుల పుస్తకంలో ఒకే వరుసలో కూర్చుంటాయి. ఏ అకౌంటెంటూ వాటిని విడదీసి చూపించడు. ఫ్రెడ్ రైకెల్డ్ అనే కన్సల్టెంట్ మొదటి రకాన్ని చెడ్డ లాభం అన్నాడు. ఆ మాట బాగుంది, ఎందుకంటే అందులో లాభం అన్న నిజాన్ని ఒప్పుకోవడం ఉంది. మీ ఆదాయంలో ఎంత భాగం కస్టమర్‌కి పూర్తిగా అర్థమయ్యాక కూడా కట్టే డబ్బు, ఎంత భాగం అర్థం కాకపోవడం వల్ల వచ్చే డబ్బు అని ఒకసారి వేరు చేసి లెక్క వేయండి. పని కష్టమే, అంకె చూసి టెన్షన్ పడే అవకాశమూ ఉంది. కానీ ఆ లెక్క వెయ్యకుండా కస్టమర్ గురించి ఎన్ని మీటింగులు పెట్టినా ఉపయోగం ఉండదు.

ఇదే రైకెల్డ్ 2003లో నెట్ ప్రమోటర్ స్కోర్ అనే కొలతను ప్రచారంలోకి తెచ్చాడు. "మమ్మల్ని మీ స్నేహితులకు సిఫార్సు చేస్తారా, 0 నుంచి 10 లోపు మార్కు వేయండి" అనే ప్రశ్న ఇప్పుడు ఎక్కడ ఏం కొన్నా ఫోన్‌కి వస్తోంది కదా, దాని మూలం ఇదే. 9, 10 వేసినవాళ్ల శాతంలోంచి 0 నుంచి 6 దాకా వేసినవాళ్ల శాతం తీసేస్తే వచ్చేదే స్కోరు. ఆలోచన సులువు, మొదట్లో ఉపయోగపడింది. తర్వాత సంస్థలు ఆ స్కోరుని ఉద్యోగుల బోనస్‌కి ముడిపెట్టాయి. ముడిపెట్టగానే సర్వీస్ చేసినవాడు చివర్లో "సార్, పది వేయండి, తొమ్మిది కంటే తగ్గితే నాకు ఇబ్బంది" అని బతిమాలడం మొదలైంది. కస్టమర్ జాలిపడి పది వేస్తాడు, పై అధికారి స్కోరు చూసి సంతోషిస్తాడు, సమస్య ఎక్కడిది అక్కడే ఉంటుంది. ఒక కొలతను లక్ష్యంగా మార్చి ఒత్తిడి పెడితే అది కొలతగా పనికిరాకుండా పోతుందని ఆర్థికశాస్త్రంలో గుడ్‌హార్ట్ సూత్రం ఒకటుంది, చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ చెప్పిన మాట నుంచి వచ్చింది. కస్టమర్ రేటింగుల విషయంలో దీనికి మించిన హెచ్చరిక లేదు. రేటింగ్ తీసుకోండి, దాన్ని జీతానికి ముడిపెట్టకండి.

ఫోన్ ఎందుకు మోగుతోంది

కాల్ సెంటర్లలో చాలాచోట్ల ముఖ్యమైన కొలత ఒక కాల్‌కి సగటున ఎంత సమయం పట్టిందీ అన్నది. ఖర్చు తగ్గించాలంటే కాల్ చిన్నదవ్వాలి, ఆ తర్కం పైకి సరైనదే. ఫలితం ఏమవుతుందంటే, క్లిష్టమైన సమస్యతో ఫోన్ చేసినవాడిని వేరే విభాగానికి బదిలీ చేస్తారు, "48 గంటల్లో పరిష్కారమవుతుంది" అని చెప్పి పెట్టేస్తారు, ఒక్కోసారి లైను కట్ చేస్తారు. అతను మళ్లీ చేస్తాడు. మొదటి నుంచి మళ్లీ చెప్పుకుంటాడు. రికార్డుల్లో మాత్రం అవి చకచకా తెగిన మూడు నాలుగు కాల్స్, అంటే పనితీరు బాగున్నట్టు. ఖర్చు తగ్గిందా అంటే అదీ లేదు, పెరిగింది.

బ్రిటన్‌కి చెందిన మేనేజ్‌మెంట్ నిపుణుడు జాన్ సెడన్ సేవారంగంలో పనిని రెండుగా విడగొట్టి చూడమన్నాడు. కస్టమర్‌కి నిజంగా అవసరమై వచ్చే పని ఒకటి: కొత్త కనెక్షన్ కావాలి, ఆర్డర్ ఇవ్వాలి, సలహా కావాలి. మనం ఏదో చెయ్యకపోవడం వల్లో, తప్పుగా చేయడం వల్లో వచ్చే పని రెండోది: నా ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చింది, బిల్లు ఎందుకు ఎక్కువ వేశారు, నిన్న వస్తానన్న మెకానిక్ రాలేదేం, ఈ ఫారంలో మూడో గడిలో ఏం రాయాలి. ఈ రెండో రకానికి స్టాఫ్‌ని పెంచడం అంటే మన తప్పుని మనమే జీతాలిచ్చి పోషించడం. దాన్ని పుట్టించే కారణాన్ని తీసేయాలి. చెప్పడానికి సులువుగా ఉన్న ఈ విభజన చాలా సంస్థల్లో ఎందుకు జరగదంటే, ఫోన్లు ఎత్తేది ఒక విభాగం, ఆ ఫోన్లు రావడానికి కారణమయ్యేది ఇంకో విభాగం. బిల్లు అర్థంకాని విధంగా తయారుచేసిన వాళ్లకి ఆ బిల్లు గురించి తిట్లు పడవు. తిట్లు పడేవాళ్లకి బిల్లు మార్చే అధికారం లేదు. ఏడాదులు గడిచినా బిల్లు అలాగే ఉంటుంది, కాల్ సెంటర్‌లో మనుషులు మాత్రం మారిపోతుంటారు.

దీన్ని సరిచేయడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. వచ్చిన ప్రతి కాల్, మెసేజ్, ఫిర్యాదు ఎందుకు వచ్చిందో కస్టమర్ వాడిన మాటల్లోనే ఒక వాక్యం రాసుకుంటూ పోతే చాలు. సంస్థ వాడే కోడ్‌లు వద్దు, వాటిలో "ఇతరములు" అనేదే ఎప్పుడూ అన్నిటికంటే పెద్ద పద్దు అయి కూర్చుంటుంది. కొన్ని వారాలు రాస్తే ఏ నాలుగైదు కారణాల వల్ల సగం పని పుడుతోందో కనిపిస్తుంది. తర్వాత ఆ కారణం ఏ విభాగం చేతిలో ఉందో వాళ్ల ఖాతాలోనే ఆ ఫోన్ల ఖర్చు వేయాలి. బిల్లు తయారుచేసే విభాగం ఈ నెల బిల్లు అర్థంకాక వచ్చిన కాల్స్‌కి ఇంత కట్టాలి అంటే, బిల్లు అర్థమయ్యేలా మారడానికి ఎంతో కాలం పట్టదు.

ఇంకో మాట. ఫిర్యాదు చేసేవాళ్లు మొత్తం అసంతృప్తుల్లో కొద్దిమందే. మిగతావాళ్లు ఏమీ అనరు, మళ్లీ రారు. కాబట్టి ఫిర్యాదుల సంఖ్య తగ్గిందని సంతోషపడే ముందు, ఫిర్యాదు చేయడం కష్టమైందేమో చూసుకోవాలి. ఫోన్ నంబర్‌ని వెబ్‌సైట్ అడుగున దాచేస్తే ఫిర్యాదులు తగ్గుతాయి, అది మెరుగుదల అవ్వదు. ఫిర్యాదు చేసేవాడు ఇంకా మన మీద ఆశ వదులుకోని మనిషి. అతని దగ్గర ఋజువులు అడిగి, అదే కథ నలుగురికి చెప్పించి, చివరికి ఏదో దయతలచినట్టు రీఫండ్ ఇస్తే, డబ్బూ పోతుంది మనిషీ పోతాడు. అదే రీఫండ్ మొదటి రోజే ఇచ్చి ఉంటే ఖర్చు అంతే, ఫలితం పూర్తిగా వేరు.

అడగడం, చూడడం

కస్టమర్ ఏం కోరుకుంటున్నాడో తెలుసుకోవడం మీద బోలెడంత రాశారు, అందులో చాలావరకు సర్వేల గురించే. సర్వేలో మనిషి తను ఎలా ఉండాలనుకుంటాడో అలా జవాబిస్తాడు. కొనేటప్పుడు ఎలా ఉన్నాడో అలా ప్రవర్తిస్తాడు. వీటి మధ్య ఉన్న తేడాని లెక్కచేయకపోతే ఏమవుతుందో అమెరికన్ డిపార్ట్‌మెంట్ స్టోర్ల సంస్థ జేసీపెన్నీ చూపించింది. యాపిల్ స్టోర్లను గొప్పగా నడిపిన రాన్ జాన్సన్ అక్కడ సీఈఓ అయ్యాక 2012లో కూపన్లు, ఎడతెగని డిస్కౌంట్ సేల్స్ తీసేసి, రోజూ ఒకే తక్కువ ధర పెట్టాడు. ధర పెంచి తగ్గించినట్టు చూపించే నాటకం ఉండదు, నిజాయితీగా ఉంటుంది, కస్టమర్‌కి సమయం ఆదా. న్యాయంగా చూస్తే ఇంతకంటే కస్టమర్ పక్షం ఇంకేముంటుంది అనిపిస్తుంది. కానీ ఆ స్టోర్లకు వచ్చేవాళ్లకి కూపన్ కత్తిరించి తీసుకెళ్లి తక్కువకి కొన్నామన్న తృప్తే షాపింగ్‌లో సగం. కొద్ది స్టోర్లలో ముందు ప్రయత్నించి చూడకుండా అన్నిచోట్లా ఒకేసారి మార్చేశారు. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు 25 శాతం పడిపోయాయి, 2013 ఏప్రిల్‌లో ఆయన పదవి పోయింది.

జాన్సన్ తెలివితక్కువవాడు కాదు, కస్టమర్ అంటే లెక్కలేనివాడూ కాదు. కస్టమర్‌కి ఏది మంచిదో తనే తేల్చేశాడు. కస్టమర్‌ని ప్రేమించడానికీ, కస్టమర్ గురించి తెలుసుకోవడానికీ మధ్య ఇంత దూరం ఉంటుంది, ఆ దూరం మంచి ఉద్దేశంతో తగ్గదు.

మరి దేనితో తగ్గుతుంది? ఎదురుగా వెళ్లి చూడటంతో. ఎయిర్‌బీఎన్‌బీ మొదలెట్టినవాళ్లు 2009లో వ్యాపారం సాగక ఇబ్బంది పడుతున్నప్పుడు న్యూయార్క్ వెళ్లి, తమ సైట్‌లో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లని స్వయంగా కలిశారు. ఫోటోలు సరిగ్గా లేవని గమనించి తామే కెమెరా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఫోటోలు తీశారు. బుకింగ్‌లు పెరిగాయి. ఫోటోలు ఎలా ఉన్నాయో కంప్యూటర్ ముందు కూర్చున్నా కనిపిస్తుంది నిజమే, కానీ ఆ ఇంటివాళ్లకి మంచి ఫోటో తీయడం చేతకాదనీ, దానికి సాయం చేస్తే ఎంత తేడా వస్తుందనీ వాళ్ల గుమ్మం దాకా వెళితేనే తెలిసింది. చిన్న వ్యాపారానికున్న పెద్ద బలం ఇదే. ఓనరే ఫోన్ ఎత్తుతాడు, ఓనరే పార్సిల్ కడతాడు, కాబట్టి కస్టమర్ ఎక్కడ తడబడుతున్నాడో అతనికి ఎవరూ రిపోర్టు రాసి చెప్పక్కర్లేదు. అమెరికాలో చిన్న ప్రకటనల సైట్ క్రెయిగ్స్‌లిస్ట్ స్థాపించిన క్రెయిగ్ న్యూమార్క్ సైట్ ఎంతో పెద్దదయ్యాక కూడా ఏళ్ల తరబడి కస్టమర్ సర్వీస్ పని తనే చేస్తూ వచ్చాడు.

ఏం చూడాలో తెలియడానికి జపాన్ ఆచార్యుడు నొరియాకి కానో 1984లో ఇచ్చిన విభజన ఇప్పటికీ అక్కరకొస్తుంది. కొన్ని లక్షణాలు ఉంటే ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మాత్రం కోపం వస్తుంది. పార్సిల్ సరైన అడ్రస్‌కి చేరడం లాంటివి. కొన్ని ఎంత ఎక్కువుంటే అంత సంతోషం, వేగం లాంటివి. ఇంకొన్ని ఎవరూ అడగనివి, లేకపోయినా ఎవరికీ బాధ లేదు, ఉంటే మనసు నిండిపోతుంది. చాలామంది వ్యాపారులు ఈ మూడో రకం మీద మోజు పెంచుకుంటారు, ఎందుకంటే దాని గురించి చెప్పుకోవడానికి బాగుంటుంది. మొదటి రకం సరిగ్గా లేకుండా మూడోదాని మీద ఖర్చు పెడితే అది కస్టమర్‌కి ఒళ్లుమంటగా ఉంటుంది. తప్పు వస్తువు పంపి దాంతో పాటు అందమైన ధన్యవాదాల కార్డు పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా ఇవి నిలకడగా ఉండవు, ఈరోజు ఆశ్చర్యపరిచింది రేపటికి కనీస అవసరమవుతుంది. పార్సిల్ ఎక్కడుందో ఫోన్లో చూపించడం ఒకప్పుడు వింత, ఇప్పుడు అది లేకపోతే మోసపోయామేమో అనిపిస్తుంది.

ముందు వరసలో ఉన్నవాడి చేతిలో ఏముంది

స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ పగ్గాలు 1981లో యాన్ కార్ల్‌జన్ తీసుకునేసరికి ఆ సంస్థ నష్టాల్లో ఉంది. ఆయన వేసిన లెక్క ఇది: ఏడాదికి కోటి మంది ప్రయాణికులు, ఒక్కొక్కరు సుమారు ఐదుగురు ఉద్యోగులతో మాట్లాడతారు, ఒక్కోసారి సగటున 15 సెకన్లు. అంటే ఏడాదికి 5 కోట్ల సార్లు, 15 సెకన్ల చొప్పున, ప్రయాణికుడి మనసులో ఆ సంస్థ తయారవుతుంది. విమానాలు, ఆఫీసులు, హెడ్ క్వార్టర్స్‌లో కూర్చున్న పెద్దలు ఆ 15 సెకన్లలో ఎక్కడా ఉండరు. ఆ క్షణంలో ఎదురుగా ఉన్న ఉద్యోగి "పైవాళ్లని అడిగి చెప్తాను" అన్నాడంటే ఆ 15 సెకన్లు పోయినట్టే. అందుకని కార్ల్‌జన్ నిర్ణయాధికారాన్ని కిందికి దించాడు. మధ్యలో ఉన్న మేనేజర్లకి ఇది నచ్చలేదు, అది సహజమే, అప్పటిదాకా వాళ్ల పనే అనుమతులివ్వడం.

రిట్జ్-కార్ల్‌టన్ హోటళ్లలో ఏ స్థాయి ఉద్యోగి అయినా ఒక అతిథి సమస్య తీర్చడానికి 2,000 డాలర్ల దాకా ఎవర్నీ అడక్కుండా ఖర్చు పెట్టొచ్చనే నియమం బాగా ప్రసిద్ధి. అంత మొత్తం వాడే అవసరం సాధారణంగా రాదు. దాని విలువ వేరేచోట ఉంది, నీ మీద మాకు నమ్మకముంది అని ఉద్యోగికి చెప్పడంలో ఉంది. ఇదే ఆలోచన ఫ్యాక్టరీలో టయోటా చేసి చూపింది, లోపం కనిపిస్తే లైన్లో ఉన్న ఏ కార్మికుడైనా ఆండన్ తాడు లాగొచ్చు, సమస్య అక్కడికక్కడ తేలకపోతే లైన్ ఆగిపోతుంది. అమెజాన్ దాన్ని కస్టమర్ సర్వీస్‌కి తెచ్చుకుంది: ఒక వస్తువు గురించి ఒకే ఫిర్యాదు పదేపదే వస్తుంటే, ఫోన్ ఎత్తిన ఉద్యోగే దాని అమ్మకాన్ని ఆపించొచ్చు. ఇందులో బలమంతా ఎక్కడుందో గమనించండి, అమ్మకాలు ఆగితే నొప్పి కలిగేది ఆ వస్తువు బాధ్యత చూసే మేనేజర్‌కి, కాబట్టి అతను కదులుతాడు. కస్టమర్ నొప్పి అలా సరైన మనిషికి చేరుతుంది.

అధికారం ఇస్తే దుర్వినియోగం చేస్తారని భయపడే ఓనర్లు చాలామంది ఉంటారు. కొద్దిమంది చేస్తారు కూడా. కానీ ఆ కొద్దిమంది వల్ల వచ్చే నష్టం ఎంత, ప్రతి చిన్న రీఫండ్‌కీ మేనేజర్ సంతకం కోసం ఆగడం వల్ల పోయే కస్టమర్లు, సమయం ఎంత అని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ. మొదటి నష్టం కంటికి కనిపిస్తుంది, రెండోది కనిపించదు, అందుకే మొదటిదానికే భయపడతారు.

అందరూ మన కస్టమర్లు కారు

కస్టమర్ పక్షాన ఉండటం అంటే అడిగినవాడికల్లా అడిగినదల్లా ఇవ్వడం అనుకుంటే వ్యాపారం నిలబడదు. ఎవరికి సేవ చేస్తున్నామో తేల్చుకోవాలి, తేల్చుకున్నాక మిగతావాళ్లని మర్యాదగా వేరేచోటికి పంపగలగాలి. నిపుణుల కోసం చేసిన సాఫ్ట్‌వేర్‌ని అప్పుడే నేర్చుకునేవాళ్లకి కూడా నచ్చేలా మార్చుకుంటూ పోతే చివరికి ఇద్దరికీ పనికిరాదు. ఉద్యోగుల్ని బూతులు తిట్టేవాడిని కూడా "కస్టమర్ ఎప్పుడూ కరెక్టే" అంటూ భరించమంటే, ఆ ఉద్యోగికి సంస్థ తన వైపు లేదని అర్థమవుతుంది, ఆ తర్వాత వచ్చే పది మంది మంచి కస్టమర్లతో అతను మనసుపెట్టి మాట్లాడలేడు. అలాంటివాడిని వదులుకోవడమే మిగతా కస్టమర్లకి చేసే మేలు.

కొన్ని వ్యాపారాల్లో డబ్బు కట్టేవాడు ఒకరు, వాడేవాడు ఇంకొకరు. ఆఫీసుల్లో వాడే సాఫ్ట్‌వేర్ కొనేది పై అధికారి, రోజంతా దానితో కుస్తీ పట్టేది గుమాస్తా. ప్రకటనల మీద నడిచే సైట్లలో చదివేవాడు పైసా కట్టడు, ప్రకటనకర్త కడతాడు. ఇలాంటిచోట మనకు తెలియకుండానే డబ్బున్న వైపు ఒరిగిపోతాం, వాడేవాళ్లు నెమ్మదిగా జారిపోతారు, వాళ్లు జారిపోయాక కట్టేవాడికీ మనతో పనుండదు.

లాభం వచ్చే దారినే కస్టమర్ మేలుకి ముడిపెట్టగలిగిన సంస్థలు చాలా తక్కువ. సభ్యులకే వస్తువులు అమ్మే అమెరికన్ స్టోర్ల సంస్థ కాస్ట్‌కో అలాంటిది. వస్తువులు కొన్న ధర మీద కలుపుకునేది 14, 15 శాతం దాటకూడదని ఏళ్లుగా నియమం పెట్టుకుంది, లాభంలో ఎక్కువ భాగం సభ్యత్వ రుసుము నుంచే వస్తుంది. అంటే ఏడాది చివర సభ్యుడు "ఇది నాకు గిట్టుబాటైంది" అనుకుని మళ్లీ రుసుము కడితేనే సంస్థకి లాభం. అమెరికా, కెనడాల్లో సభ్యుల్లో 90 శాతానికి పైగా మళ్లీ కడుతున్నారు. ఇక్కడ ఉద్యోగులకి కస్టమర్ గురించి ఉపన్యాసాలు అక్కర్లేదు, ధర పెంచాలన్న ఆశ పుట్టిన చోటే ఆ నియమం అడ్డుపడుతుంది. ప్రతి వ్యాపారానికీ ఇది కుదరదు. కానీ ధర, ఫీజు, కాంట్రాక్టు నిబంధనలు రాసుకునేటప్పుడే ఈ ప్రశ్న వేసుకోవచ్చు: కస్టమర్‌కి మేలు జరిగితే మనకు డబ్బొస్తుందా, జరగకపోయినా వస్తుందా?

వ్యాపారం పెరుగుతున్న దశలో అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఓనర్ ఫోన్ ఎత్తడం మానేసి ఆ పనికి మొదటి మనిషిని పెట్టుకునేటప్పుడు. చాలామంది ఫోన్ మాత్రమే అప్పగిస్తారు, అధికారం తమ దగ్గరే ఉంచుకుంటారు. అలా కాకుండా చేరిన రోజే ఆ మనిషికి ఎంత మొత్తం దాకా అడక్కుండా తిరిగి ఇవ్వొచ్చో చెప్పేయండి, ఆ మొత్తం చిన్నదైనా ఫర్వాలేదు. కాల్స్ సంఖ్య బట్టి జీతం పెంచకండి, ఒకే విషయానికి కస్టమర్ రెండోసారి చేయాల్సి వచ్చిందా లేదా అన్నది చూడండి. వారానికి కొన్ని గంటలు ఓనర్ కూడా ఫోన్ దగ్గర కూర్చోవాలి, పర్యవేక్షణకి కాదు, ఫోన్లు ఎత్తడానికి. ఎందుకు ఫోన్ చేశారో రాసుకునే పుస్తకం ఇద్దరూ ఒకటే వాడాలి. అందులో ఒకే కారణం మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే, దాన్ని తీసేసేదాకా కొత్త ఆఫర్లు, కొత్త ప్రకటనలు పక్కన పెట్టండి, ఎందుకంటే కొత్తగా వచ్చే కస్టమర్లు కూడా అదే కారణంతో ఫోన్ చేస్తారు.